పంచె పట్టుకున్న మనిషి

ఫోటో మళ్లీ తిరిగొచ్చింది.

“వెనక తెల్లగా ఉండాలంట అత్తా. మీ పచ్చగోడ పనికిరాదు,” అన్నాడు దేవేంద్ర వీడియో కాల్లో.

మలేషియాలో ఉన్న మేనత్త చౌడేశ్వరమ్మకు టూరిస్టు వీసా కావాలి. ఆమె అక్కడి పౌరురాలై చాలా కాలమైంది. ఆన్‌లైన్ దరఖాస్తు ఆమెకు చేతకాదు. మంగళగిరిలో కూర్చుని దేవేంద్రే నింపుతున్నాడు.

పక్కనే మంచం మీద అతని తండ్రి చౌడయ్య. మగ్గం దిగిన దగ్గర నుంచి ఊపిరి అందడం లేదు. చెల్లెల్ని ఒక్కసారి చూడాలని తప్ప ఆయన ఇంకేమీ అడగడం లేదు. రావాల్సినవాళ్లుంటే త్వరగా రమ్మనమని డాక్టరు కూడా చెప్పాడు.

ఆ చెల్లెలే ఒకప్పుడు, మలేషియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బసవయ్యను అన్నకు చెప్పకుండా పెళ్లాడి వెళ్లిపోయింది. ఆ తర్వాత బసవయ్య పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దేవేంద్ర ఆయన్ని ఫోటోలో కూడా చూడలేదు. అత్తతో ఫోన్లు మొదలైంది కూడా తండ్రి మంచాన పడ్డాకే.

“ఉండు నాన్నా,” అని అత్త లోపలికి వెళ్లొచ్చింది.

కాసేపటికి ఆమె వెనుక ఒక తెల్లటి గుడ్డ లేచింది. ఆ కొసా ఈ కొసా రెండు ముసలి చేతులు.

“ఎవరత్తా పట్టుకుంది?”

“మనవాళ్లేలే. నువ్వు ఫోటో సంగతి చూడు.”

ఫోటో తీయడానికి పక్కింటావిడ వేరే ఫోన్‌తో నిలబడింది. దేవేంద్ర చెప్పడం, అత్త సర్దుకోవడం. తల ఇటు, గడ్డం అటు.

“పెళ్లిచూపులకి కూడా ఇంతసేపు కూర్చోలేదురా నేను.”

“నీకు పెళ్లిచూపులు ఎప్పుడయ్యాయి?” మంచం మీద నుంచి చౌడయ్య అన్నాడు.

అత్త నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

గుడ్డ వెనుక నుంచి దగ్గు వినపడింది. గుడ్డ కదిలింది. అత్త భుజం మీద నీడ పడింది.

“పెద్దాయనా, కాస్త కదలకుండా పట్టుకోండి.”

“సరే బాబూ.”

మళ్లీ కదిలింది.

“కూర్చుని పట్టుకోవచ్చా బాబూ?” అని అడిగిందా గొంతు.

“కూర్చుంటే నీడ పడుద్దండీ. ఓ రెండు నిమిషాలు నిలబడలేరా?”

“నిలబడతాను బాబూ.”

దరఖాస్తులో భర్త పేరు దగ్గర, చుట్టాల నోట విన్నదే కాబట్టి, దేవేంద్ర ఏమీ అడగకుండానే టైపు చేశాడు. చౌడయ్య అటు తిరిగి పడుకున్నాడు.

“ఒక్కదాన్నే రమ్మను,” అన్నాడు గోడ వైపు చూస్తూ.

ఫోన్లో అందరికీ వినపడింది.

“తెలుసన్నయ్యా,” అంది చౌడేశ్వరమ్మ.

వెనుక గుడ్డ నెమ్మదిగా కిందికి జారింది.

“అయ్యో, ఆ గుడ్డ పట్టుకోండి పెద్దాయనా,” అన్నాడు దేవేంద్ర విసుగ్గా.

గుడ్డ మళ్లీ లేచింది. ఈసారి ఫోటో బాగా వచ్చింది.

నాలుగు రోజుల్లో వీసా కూడా వచ్చింది.

ఆ సాయంత్రం చౌడయ్య ఫోటో చూపించమన్నాడు. చెల్లెలి మొహం చాలాసేపు చూశాడు. నుదుట పెద్ద బొట్టు, చిన్నప్పుడు పెట్టుకున్నట్టే.

తర్వాత ఆ గుడ్డ అంచు పెద్దది చేసి చూపించమన్నాడు.

“ఇది నేను నేసిన పంచెరా.”

చెల్లెలి పెళ్లిలో బావగారికి పెట్టాలని తన చేత్తో నేశాడట. ఆమె వెళ్లిపోయిన రోజు పెట్టెలో అది లేదు.

“కట్టిన గుడ్డలా లేదే. మడతలు అట్టాగే ఉన్నాయి.”

ఆ రాత్రి ఆయన సరిగా తినలేదు. తెల్లారి కాఫీ ఇస్తుంటే అన్నాడు.

“బసవయ్యకి కూడా వీసా పెట్టు.”

ఆ పేరు తండ్రి నోట వినడం దేవేంద్రకు అదే మొదటిసారి.

వెంటనే ఫోన్ చేశాడు. అత్త ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. తర్వాతెప్పుడో ఆమే చేసింది. ప్రయాణం కొన్నాళ్లు వెనక్కి జరిపానంది. మావయ్య పాస్‌పోర్టు ఫోటో తీసి పంపమని దేవేంద్ర అడిగాడు.

“ముందు నన్ను రానీ నాన్నా. మిగతాది వచ్చాక మాట్లాడదాం.”

తండ్రి సంగతి తెలిసి కూడా ఈ ఆలస్యమేంటని దేవేంద్రకు కోపమొచ్చింది.

గన్నవరంలో విమానం దిగి అత్త ఒక్కతే వచ్చింది.

ఆమె నుదుట బొట్టు లేదు.

దేవేంద్ర చేతిలోని పూలగుచ్ఛాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కారు వెనక సీట్లో పెట్టాడు.

“వీసా వచ్చిన వారానికే,” అంది ఆమె. “అన్నయ్య అట్టా ఉంటే ఫోన్లో ఏమని చెప్పను?”

ఇంటికొచ్చాక అన్న మంచం మీద కూర్చుంది. సంచిలోంచి పంచె తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

చౌడయ్య అంచు తడిమి చూశాడు.

“ఒక్కసారీ కట్టలేదా?”

“నువ్వు నీ చేత్తో పెడితే కట్టుకుంటానన్నారు.”

చౌడయ్య ఆ పంచె మీద నుంచి చెయ్యి తీయలేదు.

దేవేంద్రే మాట కలిపాడు.

“ఫోటో రోజు ఈ పంచె పట్టుకున్న పెద్దాయన్ని విసుక్కున్నానత్తా. పాపం, ఒంట్లో బాగాలేనట్టుంది. నా తరఫున ఏమీ అనుకోవద్దని చెప్పు.”

చౌడేశ్వరమ్మ మేనల్లుడి వైపు చూసింది.

“ఆయనేమీ అనుకోలేదురా. మేనల్లుడు తనతో మాట్లాడాడని పోయేదాకా మురిసిపోయారు.”