ముందు సీటు పెద్దావిడ

"నీ కొడుకు రోజూ ఒక ముసలావిడని చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తాడు. ఆవిడ కూర్చున్నాకగానీ బండి కదపడు. ఎంత మర్యాదో!" అని పక్కింటావిడ మెచ్చుకున్న రోజు నుంచి డ్రైవరు తల్లికి కడుపులో ఒకటే మంట. తన మోకాళ్ల నొప్పి ఎలా ఉందని ఒక్కనాడైనా అడిగాడా వాడు?

చూసి తీరాలని ఓ ఉదయం వెనక తలుపు నుంచి ఆ బస్సే ఎక్కింది. విన్నది నిజమే. ఒక స్టాపులో కొడుకు కిందికి దిగి, చేతికర్ర అందుకుని, పెద్దావిడను పదిలంగా ఎక్కించి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అతను మళ్లీ స్టీరింగు పట్టాక తల్లి మెల్లగా వెళ్లి ఆవిడ పక్కన కూలబడింది.

"ఆ డ్రైవరు మీకేమవుతాడు?" అంది, గొంతులోని పుల్లవిరుపు దాచుకుంటూ.

"ఏమీ కాడమ్మా. పోయినేడు నేను కూర్చోకముందే బండి లాగించాడు. పడి తుంటి విరిగింది. మూడు నెలలు రోజూ ఆస్పత్రికొచ్చి నా మంచం పక్కన కూర్చుని ఏడ్చేవాడు. ఇంట్లో చెప్పలేదట. చెబితే వాళ్లమ్మ తట్టుకోలేదట."

ఆ మూడు నెలలూ డబుల్ డ్యూటీ అని ఇంట్లో చెప్పాడు కొడుకు. తల్లి నమ్మింది.

ఏడవడానికి ఇంట్లో తనుండగా వాడికి ఈవిడ మంచమే దొరికిందా? మంట చల్లారలేదు, ఇంకాస్త రగిలింది.

"మీకు పిల్లలెందరమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

"ఒక్కడే" అంది తల్లి. "బస్సు నడుపుతాడు."

పెద్దావిడ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నొప్పిని ఓర్చుకుంటూ కిటికీ వైపు జరిగి, ఆమెకు ఇంకాస్త చోటిచ్చింది.