మెట్ల కింద ఫెర్న్

"దీన్ని ఎండలో పెట్టిందెవరు?"

ఆఫీసుకి బయల్దేరుతున్న ఉదయ్ భాస్కర్, షూ లేసు కట్టుకోవడం ఆపి మేడ మెట్ల వైపు చూశాడు. కిరణ్మయి రెండు చేతులతో కుండీ పట్టుకుని దిగుతోంది. మొన్నటిదాకా పచ్చగా కుండీ అంచు దాటి కిందికి జారిన ఫెర్న్ ఆకులు, ఇప్పుడు నూనెలో వేయించిన కరివేపాకులా ఉన్నాయి.

"నేనేనండీ. పురుగు పట్టిందని..."

"పురుగా?"

"ఆకుల కింద వరసగా గోధుమరంగు చుక్కలు. సబ్బునీళ్ళు కొట్టాను. రెండు రోజులు ఎండ తగిలితే చస్తాయని మేడ మీద పెట్టాను."

గుంటూరు దగ్గర పత్తి చేలున్న ఇంట్లో పుట్టిన పిల్ల. ఆకు కింద చుక్క కనిపిస్తే ఊరుకోవడం ఆమెకి చేతకాదు.

"అది నాయనమ్మ మొక్క, కిరణ్! రాజమండ్రి నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆవిడ పోయాక నాన్న రోజూ దాని పక్కనే కూర్చుని కాఫీ తాగుతారు. ఊరెళ్తూ అమ్మ నీకు చెప్పింది అదొక్కటే కదా?"

చెప్పింది. "ఇల్లెలా ఉన్నా ఫర్వాలేదు, మెట్ల కింద నీడలోంచి దాన్ని మాత్రం కదపకు" అంది. కాపురానికొచ్చిన ఆరు నెలల్లో అత్తగారు నమ్మి ఆమె చేతిలో పెట్టిన మొదటి పని అదే.

"అమ్మానాన్నా రేపు పొద్దున్నే దిగుతారు, నువ్వే చెప్పుకో. అసలే మాదాపూర్‌ ఆఫీసులో కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం తేదీలు దిద్దే వైటూకే పని పీకల మీదుంది" అంటూ అతను స్కూటర్ తీశాడు.

సగం పచ్చగా మిగిలిన ఆకు ఒకటి తుంచుకుని, కిరణ్మయి ఆటోలో మదీనాగూడ వెళ్ళింది. హైవే పక్కన నర్సరీ నడిపే చంద్రయ్య ఆకు తిరగేసి చూసి నవ్వాడు.

"ఇవి పురుగులు గావు బిడ్డా. దీనికి పువ్వు లేదు, కాయ లేదు. ఇత్తుల లెక్క ఇవే. చుక్కలొచ్చినయంటే చెట్టు మంచిగున్నట్టు. కడుపుతోని ఉన్నదాన్ని తీస్కపోయి ఎండల నిలబెట్టినవు గద!"

కిరణ్మయి ఆకు వెనక్కి తీసుకుని చుక్కల మీద వేలు పెట్టింది.

"మళ్ళీ చిగురేస్తుందా?"

"వేరు సావకుంటే వస్తది. మూడు నెల్లు, నాలుగు నెల్లు. జర నీడల పెట్టి, తడి ఆరనియ్యకు."

"నాకు రేపటికి కావాలి."

చంద్రయ్య ఆమె ముఖంలోకి చూశాడు. పందిరి కింది నుంచి అదే రకం మొక్క తెచ్చిచ్చాడు. "నల్ల కవరు మొత్తం చింపి పెట్టు. వేరుకు ఊపిరాడాలె."

ఇంటికొచ్చి గబగబా కవరు చింపి, కొత్తదాన్ని పాత కుండీలో నాటింది. ఎండిన దాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. నీళ్ళ తొట్టి వెనక నీడలో పాతి, చెంబుడు నీళ్ళు పోసింది.

తెల్లవారి ఆటో దిగిన అత్తగారు నాగేశ్వరి, కాళ్ళయినా కడుక్కోకుండా మెట్ల కిందికి నడిచింది. వేలితో మట్టి తడి చూసింది. ఒక ఆకు తిప్పింది. ఇంకో ఆకు తిప్పింది.

"చుక్కలేవీ?"

"అత్తయ్యగారూ, నేను..."

నాగేశ్వరి వీధి వైపు చూసింది. మామగారు రామ్మోహనరావు గేటు దగ్గర ఇంకా సామాను దింపిస్తున్నాడు.

"ఏ నర్సరీ?" అంది గుసగుసగా.

"మదీనాగూడ."

"నేను హఫీజ్‌పేట్‌లో కొన్నాను. నాలుగేళ్ళయింది. అసలుది ఎండిపోతుందేమోనన్న భయంతో నీళ్ళు పోసీ పోసీ, వేరు కుళ్ళబెట్టి చంపుకున్నాను. మీ మామయ్యగారికి తెలియనివ్వకు తల్లీ. వాళ్ళమ్మ పక్కన కూర్చున్నట్టే కూర్చుంటారు దాని దగ్గర."

ఆమె స్నానానికి వెళ్ళగానే రామ్మోహనరావు ఎప్పటిలాగే మెట్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. కిరణ్మయి తెచ్చిన కాఫీ అందుకుని, ఫెర్న్ వైపు చాలాసేపు చూశాడు. లేత ఆకునొకదాన్ని వేలి చివరతో నిమిరాడు. ఆ తరవాత వంగి, మట్టిలోంచి తొంగిచూస్తున్న నల్ల కవరు ముక్కని మెల్లగా పైకి లాగి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అప్పుడు మీ అత్తయ్యా కవరు ఇలాగే వదిలేసిందమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "నాకు తెలుసని ఆవిడకి తెలియనివ్వకు."