కింది కొసకు బొట్టు

ఎట్టయాపురం అవతల నల్లరేగడిలో రాగి ఉందేమోనని బోరు వేస్తున్నారు. పొద్దున మిషనుకు పసుపు పూసి బొట్టు పెట్టింది అక్కడ పనిచేసే కాళియమ్మాళే. చీకటి పడ్డాక, లోతునుంచి బోరు గొట్టంలో చివరగా తీసిన రాతికడ్డీని పాడుకుంటూ కడుగుతోంది. టార్చి వెలుగులో రాగి మెరుపులు చూసి మురిసిపోయింది. కింది కొసకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ పసుపూ, కుంకుమబొట్టూ ఉన్నాయి.

"మామా, దీనికి బొట్టు నువ్వు పెడితివా?"

"నేనెందుకు పెడతానే? ఇప్పుడే గదా పైకి తీసింది," అన్నాడు నేలమీద కూర్చుని క్యారియరు విప్పుతున్న మొగుడు నారాయణసామి.

మిషను అప్పటికే ఆపేశారు. అయినా కాళ్లకింద నేల సన్నగా అదురుతోంది. వంగి చెవి ఆనించింది. లోపలెక్కడో గర్రుమంటోంది, ఆగుతోంది, మళ్లీ గర్రుమంటోంది.

కాళియమ్మాళ్ ముఖం విప్పారింది.

"కిందుండే వాళ్లూ పూజ చేసే పైకి బోరు మొదలుపెట్టినారు మామా. నువ్వు కొంచెం పక్కకు జరుగు."