రెండు రౌండ్లు ఎక్కువ

"గర్భసంచిలో ఉండాల్సిన పొర పేగుల దాకా పాకిందండీ. కోసి తీసేశాం. నెలనెలా అంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు?" అంది డాక్టరమ్మ.

"అందరికీ ఉండేదేగా," అంది డ్రిల్లు టీచరు.

"అందరికీ ఉండదండీ. ఇది జబ్బు."

డాక్టరమ్మ వెళ్లాక టీచరుకి స్కూలు గ్రౌండు గుర్తొచ్చింది. కడుపునొప్పన్న ఏ పిల్లనూ ఆమె కూర్చోనివ్వలేదు. అవన్నీ నాటకాలని గ్రౌండు చుట్టూ పరుగెత్తించింది. సొంత కూతురైతే ఇంకో రెండు రౌండ్లు ఎక్కువే.

ఆ కూతురే పట్టుబట్టి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది. ఇప్పుడు పక్కనే నిలబడి చిన్న దిండు అందించింది.

"దగ్గొస్తే ఇది కడుపుకి అదుముకోమ్మా. కుట్లు లాగవు."

"నీకెలా తెలుసే?"

కూతురు దుప్పటి సర్దింది.

"కిందటేడు నాకూ ఈ డాక్టరమ్మే ఆపరేషన్ చేసిందమ్మా. నాటకాలంటావని నీకు చెప్పలేదు."