విందులో పక్కనున్నావిడ

"ఈ ముఖం కాదు. మార్చు," అంది నానైదాత్.

శిల్పి ఫెంగ్‌కి ఉలి చేతిలోంచి జారినంత పనయింది. తెల్లారితే సమాధి మూస్తారు. ఆవిడ భర్త శవం కోసం చేసిన రాతిమంచం ముందువైపు విందు చెక్కాడు. పోయిన పెద్దాయన గిన్నె పట్టుకుని కూర్చున్నాడు, పక్కన భార్య. పెద్దాయనకేం వంక పెట్టలేదు. ఆ భార్య ముఖాన్ని చూసినప్పుడల్లా ఆవిడ పెదవి విరుస్తోంది.

"మిమ్మల్ని చూస్తూనే చెక్కాను కదమ్మగారూ! అచ్చం మీరే."

"అదే వచ్చిన చిక్కు. ముక్కు అంత లావా? సన్నగా ఉండాలి. గడ్డం మీద సొట్ట పడాలి."

ఫెంగ్ ఆవిడ గడ్డం వంక తేరిపార చూశాడు. సొట్ట జాడే లేదు.

కొడుకు పేసక్‌కి తల కొట్టేసినట్టయింది. సమర్‌ఖండ్ నుంచి చీనా రాజధాని చాంగాన్ దాకా ఇసుకలో ఒంటె మీద వచ్చిన మనిషి, పళ్ళూడే వయసులో, అదీ మొగుడు పోయిన ఇంట్లో, సోకులకు పోతోంది!

"అమ్మా, రేపు బిడారు పెద్దలంతా వస్తారు. చూసి నవ్విపోతారే."

"నవ్వనీరా. వాళ్ళ పళ్ళే బయటపడతాయి."

"ఇంకా లోతుకు పోతే రాయి చీలుతుందమ్మగారూ," అన్నాడు ఫెంగ్. "అప్పుడు మంచమూ ఉండదు, ఏమీ ఉండదు. అయ్యగారిని మట్టిలో పెట్టుకోవాల్సిందే."

పేసక్ మంచానికి అడ్డంగా వచ్చాడు. సమర్‌ఖండ్ సొగ్దుల నమ్మకంలో శవం మట్టిని తాకితే నేల మైలపడుతుంది, అంతకు మించిన పాపం లేదు. సొంత ఊళ్ళో అయితే గద్దలకు వదిలి, మిగిలిన ఎముకలు పెట్టెలో దాచుకునేవారు. చాంగాన్‌లో అది కుదరదు గనకే ఈ రాతిమంచం.

"నీ ముక్కు కోసం నాన్నని మట్టిపాలు చేస్తావా?" అని అరిచాడు.

ఆవిడ కొడుకు భుజం పట్టుకుని శిల్పి ముందు నిలబెట్టింది.

"వీడిని చూసి చెక్కవయ్యా. ఆ ముక్కూ, ఆ సొట్టా అన్నీ వీడికున్నాయి. కొడుక్కి తల్లి పోలిక అదృష్టం అంటారుగా!"

ఫెంగ్ దేవుడికి దణ్ణం పెట్టుకుని సుత్తి ఎత్తాడు. రాతిపొడి రాలింది. రాయి నిలిచింది.

ఆవిడ రాతిబుగ్గ మీది పొడిని కొంగుతో తుడిచి, చాలాసేపు చూసింది. "ఇప్పుడు కుదిరింది," అంది.

"ఏం కుదిరిందే? ఇది నీ ముఖమని ఎవడొప్పుకుంటాడు?"

"ఇంటికెళ్ళి గూట్లో ఉన్న మీ నానమ్మ ఎముకల పెట్టె పట్రా."

సమర్‌ఖండ్ నుంచి ఒంటె మీద వచ్చిన మట్టిపెట్టె అది. చిన్నప్పటి నుంచీ ప్రతి పండక్కీ పేసక్ దానికి మొక్కుతూనే ఉన్నాడు. గొణుక్కుంటూ వెళ్ళి తెచ్చాడు.

"మంచం మీద పెట్టు. మీ నాన్న పక్కన."

"నాన్న పక్కన నానమ్మేంటమ్మా? మరి నువ్వెక్కడ?"

"నన్ను ఊరికి దూరంగా ఏ కొండ మీదో గద్దలకు వదిలెయ్." కొడుకు గడ్డం మీది సొట్టని వేలితో తాకింది. "ఈ పెట్టెలో ఉన్నది నానమ్మ కాదు నాయనా. మీ అమ్మ."