పింగాణీ సీసా

పెద్ద డాక్టరు గదిలోకి వచ్చారు కానీ ఆయన ఎడమ చెప్పు వరండాలోనే ఉండిపోయింది. నర్సు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి వెళ్లింది. ఈ వారంలో ఇది మూడోసారి.

గోడకున్న లైటు పెట్టె మీద దర్జీ ఆవిడ తల ఫిలిం వెలుగుతోంది. అందులో మూడు తెల్లటి గడ్డలు. నుదుటి వెనక, ముక్కుకు పైన ఒకటి. కుడికంటి నరాన్ని ఆనుకుని ఒకటి. వెనక చిన్నది ఒకటి.

“మూడా!” అన్నాడు ఆవిడ భర్త. “ఒక్కటంటేనే గుండె జారిపోయిందండీ.”

“క్యాన్సర్ కాదులే. మెదడు పైపొర మీద లేచిన గడ్డలు. మెనింజియోమా అంటాం. వెనకదాని జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. మిగతా రెండిట్లో ఏది ముందన్నదే పేచీ.”

“కంటిదే తియ్యండి సార్,” అంది ఆవిడ. “సూదిలోకి దారం ఎక్కట్లేదు. కన్ను పోతే నా మిషను మూలకే.”

“డాక్టరు నువ్వా, నేనా?” కసిరారు ఆయన. ఒకప్పుడు చీమ అడ్డొచ్చినా పక్కకు తప్పుకునే మనిషి. ఈ మధ్య కోపం ముక్కు మీదే ఉంటోంది.

ఆయన అల్మరాలోంచి పింగాణీ సీసా తీశారు. అందులో కాఫీ పొడి ఉంటుంది. స్కానింగులు లేని రోజుల నుంచీ ఆయన పరీక్ష అదే. ఒకసారి ఆయన మూత తీస్తే పక్క వార్డులో వారం నుంచి కళ్లు తెరవనివాడు లేచి కూర్చుని కప్పు అడిగాడని ఆసుపత్రిలో ఓ కథ కూడా ఉంది.

“ముందున్న గడ్డ ముదిరితే వాసన పోతుంది. చిరాకు పెరుగుతుంది. నడక తడబడుతుంది. గమ్మత్తేమిటంటే, చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుస్తుంది, ఆ మనిషికి తప్ప. ఏదీ, కళ్లు మూసుకో.”

ఒక ముక్కురంధ్రం మూయించి, మూత తీసిన సీసాను దగ్గర పెట్టారు. తర్వాత రెండోది.

“ఏమొస్తోంది?”

“ఏమీ రావట్లేదండీ.”

“అదేంటే!” అన్నాడు భర్త. “పక్కింట్లో పాలు మాడినా ముందు నువ్వేగా పసిగట్టేది!”

డాక్టరు సీసాను తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు.

“అబ్బ! ఇంత ఘుమఘుమలాడుతుంటే రావట్లేదంటావేంటమ్మా? ఇక అనుమానం లేదు, ముందుదే తియ్యాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి. కంటిది ఆర్నెల్ల తర్వాత చూద్దాం.”

ఆవిడ ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికంటితో ఆయన వైపు చూసింది.

“ఆర్నెల్లదాకా ఇది ఆగుతుందా సార్?”

ఆయన కాగితం మీద సంతకం చేసేశారు.

అప్పుడే తలుపు తోసుకుని నర్సు ఆదరాబాదరాగా వచ్చింది.

“సార్, ఆ సీసా పొద్దున్నే కడిగి ఆరబెట్టాను, కాఫీ పొడి ఇంకా ఈ పొట్లంలోనే ఉంది.”