సాలదా

గంట ఠంగుమంది.

పల్లవి మొదటి మాట దగ్గరే దుర్గ ఆగిపోయింది.

"ఏం పాడావమ్మా?" అన్నారు న్యాయనిర్ణేత తిరుమలరావు మాస్టారు.

"సాలదా నీ దాపు మాకు..."

"సాలదా ఏమిటి? చాలదా! పాడుతున్నది కీర్తన, చేపలు అమ్మడం లేదిక్కడ."

నరసన్నపేట కల్యాణ మండపంలో అందరూ నవ్వారు. దుర్గ తల్లి తాతమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆవిడ నిజంగానే చేపలమ్ముతుంది. ఆ పొద్దున గంపను పక్కింటామెకు అప్పజెప్పి, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

అది 2013. స్వరనిధి సభ వారి పోటీ. గెలిచిన ఒక్కరికి మూడేళ్ళపాటు విజయనగరంలో గురువు ఇంట ఉండి సంగీతం నేర్చుకునే వీలు కల్పిస్తారు. పద్దెనిమిది నిండితే పోటీకి రానివ్వరు. దుర్గకు వచ్చే నెలలో నిండుతాయి. ఈ రోజు పోతే ఇక లేదు.

"ఇంకోసారి పాడు," అన్నారు మాస్టారు. మనిషి మంచివారే, నోరే కాస్త దురుసు.

దుర్గ కళ్ళు మూసుకుంది. చా, చా, చా అని మనసులో మూడుసార్లు అనుకుంది. నోరు తెరిచింది.

"సా... లదా..."

ఠంగ్.

బుద్ధి ఎంత చెప్పినా నాలుక తన ఊరి మాటే మాట్లాడింది.

"దిగిపో తల్లీ. గొంతు బంగారం. మాటే తప్పు."

"తప్పు ఆ పిల్లది కాదు."

వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. పొందూరు ఖద్దరు పంచె, చంకలో గొడుగు. ఎవరో ఎవరికీ తెలియదు. పొద్దుటినుంచి మూడు కాఫీలు తాగి, ఒక్కరితోనూ మాట్లాడని మనిషి.

"కూర్చోండి తాతగారూ, పోటీ జరుగుతోంది," అన్నాడు సభ కార్యదర్శి ఉమాశంకర్.

"కట్టినవాడు సాలదా అనే కట్టాడు బాబూ."

తిరుమలరావు బల్ల మీది పుస్తకం ఎత్తి చూపించారు.

"ఇదిగో, సోములు గారి కీర్తనలు. డెబ్భై రెండులో అచ్చయింది. చాలదా అని స్పష్టంగా ఉంది."

"అచ్చులో ఉంది, పాటలో లేదు. మాటలు పక్కన పెట్టి, ఒక్కసారి స్వరం పాడండి."

మాస్టారికి ఒళ్ళు మండింది. అయినా పాడారు. స్వరం పాడమంటే పాడకుండా ఊరుకునే సంగీతం మాస్టారు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"సా... దా నీ దా... మా..."

"ఇప్పుడు ఆ పిల్ల పాడినట్టు మాటలు పాడండి."

"సా... లదా నీ దాపు మాకు..."

పాడుతూ పాడుతూ మాస్టారు ఆగిపోయారు. స్వరం 'సా' అయిన చోట మాటలోనూ 'సా'. 'దా' దగ్గర 'దా'. 'నీ' దగ్గర 'నీ'. 'మా' దగ్గర 'మా'. ఏ స్వరం మీద ఆ స్వరం పేరే అక్షరంగా కూర్చుంది. 'చా' అంటే మొదటి మెట్టే విరిగిపోతుంది.

"స్వరాక్షరాలు!" అన్నారు. ఆయన గొంతు మారిపోయింది. "ముప్పై ఏళ్ళుగా ఈ పాట నేర్పుతున్నాను. ఒక్కనాడూ తట్టలేదే!"

"అసలెవరండీ ఈ సోములు?" అడిగాడు ఉమాశంకర్.

"సముద్రం ఒడ్డు పల్లె ఆయనది," అన్నాడు ముసలాయన. "సన్నాయి వాయించేవాడు. విజయనగరంలో ఏడేళ్ళు శాస్త్రం నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక వేటకు వెళ్ళడం, వలలు ఆరేసి ఇసకలో కూర్చుని కీర్తన కట్టడం. అన్నీ గంగమ్మ మీదే. నలభై ఒక్కటి కట్టాడు. అచ్చు వేయిస్తామంటే చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ పుస్తకాన్ని దిద్దిన పండితుడికి సాలదా మోటుగా కనిపించింది. కొట్టేసి చాలదా అని రాశాడు. పండితుడికి వ్యాకరణం వచ్చు, సంగీతం రాదు."

"మరి సోములేటన్నాడు?" అంది తాతమ్మ.

"పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసుకుని, 'శానా బాగున్నాది బాబూ, ఇది నా పాట కాదు' అన్నాడు. అంతే. ఆ తరవాత ఇరవై ఏళ్ళు బతికాడు. నలభై రెండో కీర్తన కట్టలేదు."

"ఆ పండితుడికేటి పోయీకాలం!"

"నిజమేనమ్మా," అన్నాడు ముసలాయన.

తిరుమలరావు బల్ల మీది గంట తీసి కింద పెట్టేశారు.

"పాడమ్మా దుర్గా. నీకెలా వస్తే అలాగే పాడు."

దుర్గ పాడింది. ఈసారి నాలుకను ఎవరూ అదిలించలేదు. నీ దగ్గరుంటే మాకు చాలదా తల్లీ అని గంగమ్మను అడుగుతుంటే, ఇందాక నవ్విన జనమే కళ్ళు తుడుచుకున్నారు. తాతమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

పాట అయ్యాక మాస్టారు లేచి నిలబడ్డారు.

"సోమవారం పెట్టె సర్దుకుని విజయనగరం మా ఇంటికి వచ్చెయ్యమ్మా. ఇక నుంచి మా పిల్లలందరికీ ఈ పల్లవి నువ్వే నేర్పాలి."

తాతమ్మ ఒక్క పరుగున ముసలాయన దగ్గరకు వెళ్ళింది.

"సోములు పోయాడని అంతన్నారు గానీ, నాకు తెలిసిపోనాది. మీరే ఆయన! కాదా బాబూ?"

కాళ్ళకు దండం పెట్టబోయింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు.

"నాకు దండం పెట్టకు తల్లీ. అది నా పాట కాదని సోములు ఎందుకన్నాడో తెలుసుకోవడానికి, ఆయన పోయాక, యాభయ్యో ఏట సరిగమలు మొదలుపెట్టాను. తెలిసినప్పటినుంచీ ఈ పాట ఎక్కడ పాడతారంటే అక్కడికి వెళ్తున్నాను. 'సా' కొట్టేసి 'చా' రాసిన పండితుణ్ణి నేనే."